సున్నా కింద

మా గదిలో బీరువా మీద
గుర్రపు నాడాలా వంగిన గాజు గొట్టం,
సగం దాకా ఎర్ర నీళ్ళు.
మెషీన్లొచ్చాక దానికి పని లేదు.
నేనే పారెయ్యనివ్వలేదు.
కొత్తగా చేరినవాళ్ళ చేత ఊదించి చూపిస్తాను:
ఇదిగో, ఆరు సెంటీమీటర్ల నీళ్ళు.
మొగుడూ పెళ్ళాలూ పోట్లాడకుండా మాట్లాడుకోడానికి
ఈ మాత్రం పైకెత్తే గాలి చాలు.
గుసగుసకే గాలి ఎక్కువ ఖర్చు,
తలుపు దగ్గరికి వేసుకోదు గనక.

ఐలర్ట్ వార్డో నుంచి రాత్రీ పగలూ ఓడలో వచ్చాడు.
నలభై ఏళ్ళు కాడ్ చేపలు పట్టినవాడు.
పొద్దున్నే బారోమీటర్ అద్దాన్ని గోటితో రెండుసార్లు తట్టి
ముల్లు ఎటు కదిలితే అటు రోజును తిప్పుకున్నవాడు.
"నా లోపలి వాతావరణం కూడా చూస్తావా" అన్నాడు.
అప్పటికింకా గొంతు ఉంది,
ఒక పక్కన కణితి కూర్చున్న గొంతు.

పెదాల మధ్య సన్న గొట్టం పెట్టి
ప ప ప ప అనమన్నాను.
బడిపిల్లాడిలా సిగ్గుపడ్డాడు.
ప అనాలంటే పెదాలు మూయాలి.
మూసిన ఆ రెప్పపాటు
గొంతు కింద ఎంత ఒత్తిడో నోట్లోనూ అంతే.
లోపలికి ఏ సూదీ దించకుండా
మాట ఇంకా పుట్టని ఆ సందులోనే
మేం కొలత తీసుకుంటాం.
తొమ్మిది వచ్చింది.

మధ్యలో, మొహానికి మాస్కు ఉండగానే,
తలుపు దగ్గర్నుంచి ఆస్లాగ్ అడిగింది:
"పొయ్యి ఆర్పే వచ్చావా?"
జవాబు బయటికి రాలేదు, లోపలికి వెళ్ళింది.
మా దగ్గర ఔను అంటే అంతే.
పెదాల్ని అరసున్నా చేసి
చల్లగాలిని సుయ్‌మని పీల్చేస్తాం.
మాట ఎదుటి మనిషికి చేరుతుంది,
గాలి మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది.
అంతసేపూ కొండలెక్కిన గీత
తెర మీద ఒక్కసారి
సున్నా కింద చిన్న లోయ తవ్వింది.
"పొరపాటు, చెరిపేద్దాం" అన్నాడు యోస్టెయిన్.
నేను చెరపలేదు.

మార్చిలో గొంతు తీసేశారు.
మెడ కింద రంధ్రం, చొక్కా బొత్తాం పట్టేంత.
ఊపిరిప్పుడు ముక్కు మొహం చూడకుండా
అక్కణ్ణుంచే వచ్చి అక్కణ్ణుంచే పోతుంది.
లోపల చిన్న కవాటం అమర్చారు.
బొటనవేలితో రంధ్రం మూసి నెడితే
గాలి దారి మళ్ళి, అన్నం దిగే గొట్టాన్ని అదిలించి
మాటవుతుంది.
ముప్పై నాలుగు సెంటీమీటర్లు.
నా గాజు గొట్టమైతే
ఎర్ర నీళ్ళు బల్లంతా చిమ్మేవి.
కవాటం ఒకవైపే తెరుచుకుంటుంది.
లోపలికి పీల్చే మాట దానికి తెలీదు.

ఇది మేం ముందు చెప్పలేదు.
ఈల పోతుందని చెప్పాం,
వేడి కాఫీ ఊదుకోవడం కష్టమనీ
చేపల వాసన సరిగ్గా తెలియదనీ చెప్పాం,
రాసిచ్చి, సంతకం పెట్టించుకుని.
ఔను పోతుందని
ఏ కాగితంలోనూ లేదు.

"తలూపుతాడు" అంది ఆస్లాగ్.
"వంటింట్లో నేను అటు తిరిగి ఉంటాను కదా.
అడిగి, ఆగి, మళ్ళీ అడుగుతాను.
నా వీపుకి కళ్ళున్నాయా?"

పాత ఫైలు వెతికి
ఆ లోయ ఉన్న కాగితం తీసిచ్చాను.
ఎందుకిచ్చానో. వైద్యమైతే కాదు.
ఆమె వేలు కొండలన్నీ దాటుకుంటూ వెళ్ళి
లోయ దగ్గర ఆగింది.
"పొయ్యి" అంది.

ఐలర్ట్ వంగి చూశాడు.
కాగితాన్ని గోటితో రెండుసార్లు తట్టాడు.
గీత కదల్లేదు.
బొటనవేలు మెడకి ఆనించి
ముప్పై నాలుగూ ఖర్చుపెట్టి అన్నాడు:
"ఓడ వెళ్ళిపోతుంది."

సుయ్‌మని
ఆమే పీల్చుకుంది గాలిని,
చేతి తొడుగుల కోసం సంచిలో వెతుక్కుంటూ.